టోయింగ్‌లో బండి దెబ్బతింటే ఎవరిని పట్టుకోవాలి?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోల. టోయింగ్ వాళ్లు బండిని తీసుకెళ్లారు, తిరిగి చేతికొచ్చేసరికి ఎక్కడో ఓ దెబ్బ, అడిగితే "అది ముందే ఉంది సార్" అన్న జవాబు. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేసి మిగతావాటికి విడివిడిగా రాస్తున్నాం. చట్టాలు చోటును బట్టి మారతాయి కాబట్టి సెక్షన్ల జోలికి పోవడం లేదు. బండి ఎలా పాడవుతుంది, ఆ సంగతి ఎలా రుజువు చేసుకోవాలి అన్నది మాత్రం ఎక్కడైనా ఒకటే.

ప్రశ్న: నో పార్కింగ్‌లో పెట్టానని కారు తీసుకెళ్లారు. తప్పు నాదే, ఫైన్ కట్టేశాను. యార్డులో చీకటి, వెనక జనం నిలబడి ఉన్నారు, చూపించిన చోట సంతకం పెట్టి కారు తెచ్చేసుకున్నాను. పొద్దున చూస్తే ముందు బంపర్ కింది అంచు చీలి వేలాడుతోంది. ఫోన్ చేస్తే "సంతకం పెట్టి తీసుకెళ్లారుగా" అంటున్నారు. ఇక వదిలేసుకోవాల్సిందేనా?

జవాబు: వదిలేయక్కర్లేదు, కానీ రేపు చూద్దాంలే అనుకుంటే మాత్రం వదిలేసినట్టే. ముందు ఒక అనుమానం తీర్చేద్దాం. మీరు తప్పు చోట పార్క్ చేశారు, దానికి ఫైన్ కట్టారు, ఆ లెక్క అక్కడితో తీరిపోయింది. తప్పు పార్కింగ్‌కి శిక్షగా బంపర్ విరగ్గొట్టే హక్కు ఎవరికీ లేదు. బండి వాళ్ల చేతిలో ఉన్నంతసేపూ దాన్ని జాగ్రత్తగా చూసుకోవాల్సిన బాధ్యత వాళ్లదే. యార్డులో మాట్లాడేవాళ్లు ఈ రెండిటినీ కావాలనే కలిపేస్తారు, "ముందు మీరు అక్కడ పెట్టడం ఏంటి" అని మొదలుపెట్టి మిమ్మల్నే దోషిలా నిలబెడతారు, ఆ వాదనలోకి దిగకండి.

సంతకం సంగతికొస్తే, దాని మీద ఏం రాసి ఉందో చూడండి. "బండి తీసుకున్నాను" అని మాత్రమే ఉంటే అది మీకు పెద్ద అడ్డంకి కాదు. "బండి మంచి స్థితిలో అందింది" అని ఉంటే కాస్త కష్టమే, అయినా దారులు మూసుకుపోలేదు. చీకట్లో, బండి కింది భాగాన్ని చూసే వీలు లేని చోట పెట్టిన సంతకం అని మీరు వెంటనే రాతపూర్వకంగా చెప్పగలిగితే దానికి విలువ ఉంటుంది. వారం తర్వాత చెబితే ఈ మధ్యలో మీరే ఎక్కడో గుద్దుకుని వచ్చారంటారు, వాళ్ల స్థానంలో ఉంటే మనమూ అదే అంటాం.

కాబట్టి ఇప్పుడే ఫోటోలు తీయండి. ముందు దూరం నుంచి, నంబరు ప్లేటు, దెబ్బ రెండూ ఒకే ఫోటోలో పడాలి. ఆ తర్వాత దగ్గర నుంచి. సొట్టలూ సన్న గీతలూ ఎదురుగా ఫ్లాష్ వేస్తే కనపడవు, టార్చ్‌ని బాడీకి ఆనించినట్టు పక్క నుంచి పట్టుకుని వెలుగు వేస్తే లేచి కనపడతాయి. చీలిన ప్లాస్టిక్ అంచుని బాగా దగ్గరగా తీయండి: కొత్తగా చీలిన అంచు శుభ్రంగా, చాలాసార్లు తెల్లగా ఉంటుంది, పాత చీలికలో దుమ్ము, జిడ్డు పేరుకుని ఉంటాయి. గీతలు ఏ దిశలో ఉన్నాయో కూడా చూడండి. ముందుకు పోతూ గట్టుకు తగిలితే సాధారణంగా ముందు నుంచి వెనక్కి వరుస గీతలు పడతాయి. గొలుసు గానీ కొక్కెం గానీ తగిలి పైకి లేచినప్పుడు ఒకచోట గట్టిగా పట్టిన గుర్తు ఉండి, చీలిక అక్కణ్నుంచి మొదలవుతుంది. ఈ ఫోటోలు ఫోన్‌లో అలాగే ఉంచండి, వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే తీసిన సమయం వగైరా వివరాలు అందులోంచి పోతాయి. పంపాల్సి వస్తే ఈమెయిల్‌కి జతచేయండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి.

ఇక "ముందే ఉంది" అన్న మాటకు జవాబు మీ ఇంట్లోనే దొరకొచ్చు. పోయిన సర్వీసింగ్ అప్పుడు ఇచ్చిన జాబ్ కార్డు తీయండి. చాలాచోట్ల దాని మీద కారు బొమ్మ ఉంటుంది, బండి లోపలికి తీసుకునేటప్పుడు ఉన్న గీతలూ సొట్టలూ ఆ బొమ్మ మీద పెన్నుతో గుర్తులు పెడతారు. బంపర్ దగ్గర గుర్తు లేదంటే అంతకంటే మంచి సాక్ష్యం ఇంకేం కావాలి, రాసింది మీరు కాదు కదా. ఇన్సూరెన్స్ రెన్యువల్ కోసం తీసిన ఫోటోలు ఉన్నాయేమో చూడండి, అదీ లేకపోతే కారు పక్కన నిలబడి ఇంట్లోవాళ్లు దిగిన ఫోటోలైనా వెతకండి.

ఆ తర్వాత ఫోన్లు మానేసి ఉత్తరం రాయండి. పెద్దగా అక్కర్లేదు, ఇలా ఉంటే చాలు: "ఫలానా నంబరు గల నా కారును ఫలానా తేదీన ఇన్ని గంటలకు ఫలానా చోటు నుంచి మీ సిబ్బంది తీసుకెళ్లారు. ఫలానా రశీదు మీద నేను ఇన్ని గంటలకు తీసుకున్నాను. యార్డులో వెలుతురు లేక బండి కింది భాగం చూసే వీలు లేకపోయింది. పొద్దున ఇన్ని గంటలకు ముందు బంపర్ చీలి ఉండటం గమనించాను, ఫోటోలు జతచేశాను. బండిని లోడ్ చేసినప్పటివీ యార్డులోవీ కెమెరా రికార్డులు, మీ సిబ్బంది తీసిన ఫోటోలు భద్రపరచి నాకు కాపీ ఇవ్వగలరు. మీరు వచ్చి బండిని చూసుకోవచ్చు, ఈ తేదీ వరకు రిపేరు చేయించను." కెమెరాల మాట తప్పకుండా రాయండి, ఎందుకంటే చాలా సీసీ కెమెరాల్లో పాత రికార్డు మీద కొత్తది పడిపోతూ ఉంటుంది, అడగడం ఆలస్యమైతే చూడ్డానికి ఏమీ మిగలదు. టోయింగ్ కంపెనీని పోలీసులో మునిసిపాలిటీయో కాంట్రాక్టుకు పెట్టుకుని ఉంటే ఆ ఆఫీసుకూ అదే కాపీ పంపండి. ప్రభుత్వ సంస్థల మీద క్లెయిమ్‌కి గడువు మామూలు కంటే తక్కువగా పెట్టే చోట్లు ఉన్నాయి, అది వెంటనే కనుక్కోండి.

బంపర్ మార్పించాక పాత ముక్కను షెడ్డువాళ్లకు వదిలేయకండి. అటక మీద పడేసి ఉంచండి, గొడవ తేలేదాకా.

ప్రశ్న: దారిలో కారు స్టార్ట్ కాకపోతే హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. వచ్చిన టోయింగ్ బండి ముందు చక్రాలు పైకెత్తి, వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లిస్తూ షెడ్డుకి తీసుకెళ్లింది. బ్యాటరీ పోయిందన్నారు, మార్చారు. ఇప్పుడు మలుపుల్లో కింద నుంచి గరగరమంటోంది, గేరు మారినప్పుడు కుదుపు. మాది నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే ఆటోమేటిక్. అడిగితే "ఒక్క గీత కూడా పడలేదు, చూసుకోండి" అంటున్నారు.

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిట్లోకీ మమ్మల్ని ఎక్కువ కంగారు పెట్టింది ఇదే. గీతల గురించి అందరూ పోట్లాడతారు, అవి కంటికి కనపడతాయి కాబట్టి. అసలు డబ్బు వదిలే దెబ్బ కింద, కంటికి కనపడని చోట తగులుతుంది, దానికి సంబంధించి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: లాక్కెళ్లేటప్పుడు ఏ చక్రాలు నేల మీద ఉన్నాయి? మీరు అది గమనించి రాశారు, చాలామంది రాయరు.

ఎందుకంత ముఖ్యమో చెప్తాం. మామూలు ఆటోమేటిక్ గేరుబాక్సులో ఆయిల్‌ని తిప్పే పంపు ఇంజిన్‌తో పాటు తిరుగుతుంది. ఇంజిన్ ఆగి ఉండి, పవర్ అందుకునే చక్రాలు రోడ్డు మీద దొర్లుతుంటే గేరుబాక్సు లోపలి భాగాలు తిరుగుతూనే ఉంటాయి గానీ వాటికి ఆయిల్ సరిగ్గా అందదు. రాపిడి, వేడి, అరుగుదల. ముందు చక్రాలతో నడిచే కారైతే ముందు ఎత్తి వెనక దొర్లిస్తే ఇబ్బంది లేదు, హ్యాండ్ బ్రేక్ వదిలి ఉండాలంతే. వెనక చక్రాలతో నడిచేదైతే వెనక వైపు ఎత్తాలి. మీ కారులా నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లేదైతే సగం ఎత్తి సగం దొర్లించడం కుదరదు, ఎందుకంటే ముందు చక్రాలు ఆగిపోయి వెనకవి తిరుగుతుంటే మధ్యలో రెండిటినీ కలిపే భాగం మీద భారమంతా పడి అది కాలిపోయేంత వేడెక్కుతుంది. అలాంటి కారుని మొత్తంగా ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ మీద తీసుకెళ్లాలి, లేదంటే దొర్లే చక్రాల కింద చిన్న ట్రాలీ పెట్టి నాలుగూ నేలకు తగలకుండా చూడాలి. మీ కారు మాన్యువల్‌లో టోయింగ్ గురించి ప్రత్యేకంగా పేజీ ఉంటుంది, ఇప్పుడే తీసి చదవండి, ఫోటో తీసుకోండి. తయారు చేసిన కంపెనీయే వద్దని రాసిన పని వీళ్లు చేశారంటే సగం కేసు ఆ పేజీలోనే ఉంది.

మిగతా సగం, వాళ్లు అలా లాక్కెళ్లారని చూపించడం. మీరు తీసిన ఫోటో ఉంటే సరే. లేకపోతే టోయింగ్ స్లిప్పు చూడండి, ఏ రకం బండి పంపారో అందులో ఉండే అవకాశం ఉంది. హెల్ప్‌లైన్ వాళ్లు పంపిన మెసేజ్‌లో టోయింగ్ బండి నంబరు ఉంటే అది కొక్కెం బండో ఫ్లాట్‌బెడ్డో తెలుస్తుంది. షెడ్డు గేటు దగ్గర కెమెరా ఉంటుంది, అడగండి. మీకు అనుకూలమైన ఇంకో మంచి విషయం ఉంది: షెడ్డులో బండి దిగినప్పుడు రాసిన జాబ్ కార్డులో ఫిర్యాదు "స్టార్ట్ కావడం లేదు" అనే కదా ఉండేది, గేరుబాక్సు మాట లేదు. బ్యాటరీ పోయిన కారు గేరుబాక్సు పోయిన కారుగా ఎలా మారిందో చెప్పాల్సింది వాళ్లు.

బండి నడపడం ఇక ఆపండి. నడిపినకొద్దీ అరుగుదల పెరుగుతుంది, పైగా "మీరే నడిపి పాడుచేశారు" అనడానికి వాళ్లకి సందు దొరుకుతుంది. గేరుబాక్సు అమ్మితే లాభపడే షెడ్డులో కాకుండా వేరే మంచి మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి చూపించండి. కారు కంప్యూటర్‌కి స్కాన్ పెట్టించి రిపోర్టు ప్రింట్ తీసుకున్నాకే అందులోని ఎర్రర్ కోడ్లు తుడవనివ్వండి, ముందే తుడిచేస్తే వాటితో పాటు దాచి ఉన్న వివరాలూ పోతాయి. ఆయిల్ దింపితే కొంచెం సీసాలో పట్టి ఉంచండి, మాడు వాసన, లోహపు పొడి ఉన్నాయేమో చూసి రాయమనండి. అన్నిటికంటే ముఖ్యం రిపోర్టులో రాసే మాట. "గేరుబాక్సు మార్చాలి, ఇంత అవుతుంది" అని రాస్తే అది ఎస్టిమేట్ మాత్రమే. "వెనక చక్రాలు దొర్లిస్తూ లాగినప్పుడు వచ్చే దెబ్బతో ఈ లక్షణాలు సరిపోతున్నాయి" అని, మెకానిక్ నిజంగా అలా అనుకుంటే, కారణం రాయించుకోవాలి. పాత సర్వీస్ బిల్లులు కూడా జతచేయండి, "పాత బండి, ఎలాగూ పోయేదే" అన్న వాదన తప్పక వస్తుంది.

హెల్ప్‌లైన్ వాళ్లు "టోయింగ్ మాది కాదు, కాంట్రాక్టర్‌ది" అని చేతులు దులుపుకోవచ్చు. మీరు ఫోన్ చేసింది వాళ్లకి, కారు మోడల్ చెప్పింది వాళ్లకి, తగిన బండి పంపాల్సింది వాళ్లు. ఇద్దరికీ ఒకే ఉత్తరం రాసి, వాళ్లలో వాళ్లు తేల్చుకోమనండి.

ప్రశ్న: మాది ఎలక్ట్రిక్ కారు. ఇంజినే లేదు కదా, న్యూట్రల్‌లో పెట్టి ఎలా లాగినా పరవాలేదని టోయింగ్ డ్రైవర్ అన్నాడు. నిజమేనా?

జవాబు: నమ్మకండి. ఎక్కువ ఎలక్ట్రిక్ కార్లలో మోటారు చక్రాలకి ఎప్పుడూ తగిలించే ఉంటుంది, విడదీసే క్లచ్ ఉండదు. చక్రాలు దొర్లితే మోటారు తిరుగుతుంది, తిరిగితే కరెంటు పుట్టొచ్చు, దాంతో వేడెక్కి మోటారు, దాని ఎలక్ట్రానిక్స్ దెబ్బతినొచ్చు, నిప్పు ప్రమాదం ఉందని హెచ్చరించే మాన్యువల్స్ కూడా ఉన్నాయి. ఫ్లాట్‌బెడ్ తప్ప వేరే మాట వద్దు. దాని మీదికి ఎక్కించే ఆ కాస్త దూరం కోసం కారులో ప్రత్యేకంగా ఒక టోయింగ్ మోడ్ ఉంటే అది ఎక్కడుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

ప్రశ్న: స్కూటర్‌ని హ్యాండిల్ లాక్ వేసి ఉండగానే ఎత్తి లారీలో పడేశారు. ఇప్పుడు హ్యాండిల్ ఒక పక్కకి లాగుతోంది. అద్దం పగిలింది. దీనికి కూడా పోట్లాడాలా, టైమ్ దండగా?

జవాబు: ఫిర్యాదు రాయండి, అది కాసేపటి పని. కోర్టు దాకా వెళ్లాలా అంటే దెబ్బ ఎంతో తెలిశాకే ఆలోచించండి. హ్యాండిల్ పక్కకి లాగితే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వంగిపోయిందని వెంటనే మార్చేయబోతారు కొందరు. కొన్నిసార్లు అది వంగదు, పట్టుకునే క్లాంపుల్లో కాస్త మెలి తిరుగుతుంది, బోల్టులు వదులు చేసి సరిచేస్తే తిన్నగా వస్తుంది. ముందు అది చూడమనండి. లాక్ తీసి హ్యాండిల్‌ని నెమ్మదిగా రెండు వైపులా చివరిదాకా తిప్పి ఎక్కడైనా పట్టేస్తోందేమో చూడండి, పట్టేస్తుంటే నడపకండి, మలుపులో బిగుసుకుంటే పడిపోతారు. బండిని పక్కకి పడుకోబెట్టి ఉంటే పెట్రోలు వాసన వస్తోందేమో, బ్రేక్ లీవర్ వంగిందేమో కూడా చూసుకోండి. అద్దం సంగతి బిల్లు పెట్టి అడగండి, ఇంత చిన్న మొత్తానికి గొడవెందుకని ఇచ్చేసేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: నా ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేసుకోవడం మేలా, టోయింగ్ కంపెనీ వెంట పడటం మేలా? రెండూ చేయకూడదా?

జవాబు: ఒకే నష్టానికి రెండు చోట్లా డబ్బు తీసుకోకూడదు గానీ రెండు చోట్లా చెప్పి ఉంచడంలో తప్పు లేదు, చెప్పాలి కూడా. పాలసీల్లో వెంటనే తెలియజేయాలన్న షరతు ఉంటుంది, టోయింగ్ వాళ్లతో నెలలు గడిపి అది తేలకపోతే అప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరికి వెళ్తే "ఆలస్యమైంది" అంటారు.

దెబ్బ చిన్నదైతే టోయింగ్ కంపెనీనే అడగండి. మీ పాలసీలో క్లెయిమ్ చేస్తే కొంత మొత్తం మీరే భరించాలి, నో క్లెయిమ్ బోనస్ కూడా పోవచ్చు, లెక్క వేస్తే మిగిలేది ఏమీ ఉండకపోవచ్చు. గేరుబాక్సు లాంటి పెద్ద దెబ్బైతే ఇన్సూరెన్స్ ద్వారా వెళ్లడమే మంచిదని మా అభిప్రాయం. వాళ్లు మీకు చెల్లించి, ఆ డబ్బు టోయింగ్ కంపెనీ దగ్గర రాబట్టుకునే ప్రయత్నం వాళ్లే చేసుకోవచ్చు, మీ చేతి నుంచి పడిన మొత్తాన్ని కూడా అందులో కలిపి అడగమని చెప్పండి. ఒక్క జాగ్రత్త, ఈ మధ్యలో టోయింగ్ వాళ్లతో విడిగా రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి. అది మీ ఇన్సూరెన్స్ కంపెనీ హక్కుని కూడా తుడిచేయొచ్చు, అప్పుడు వాళ్లు మీ క్లెయిమ్ ఆపేయొచ్చు.

టోయింగ్ కంపెనీకి కూడా ఇన్సూరెన్స్ ఉంటుంది, వాళ్ల పాలసీ వివరాలు రాతపూర్వకంగా అడగండి. కొన్ని దేశాల్లో లాగుతున్న బండికి ఒక కవరేజీ, యార్డులో నిలిపి ఉంచిన బండికి వేరే కవరేజీ ఉంటాయి, అందుకే దెబ్బ దారిలో తగిలిందా యార్డులో తగిలిందా అన్నదానికి కూడా విలువ ఉంది.

ప్రశ్న: యార్డు గోడ మీద "వాహనాలకు జరిగే నష్టానికి మేము బాధ్యులం కాము" అని పెద్ద బోర్డు ఉంది. ఇది చూశాక అడిగి లాభమేంటి అనిపించింది.

జవాబు: అలా అనిపించడానికే పెట్టారు. మీ అనుమతి లేకుండా బండిని తీసుకెళ్లి, ఆ తర్వాత గోడ మీద షరతు చూపిస్తే మీరు దానికి ఎప్పుడు ఒప్పుకున్నట్టు? మీరే పిలిపించుకుని, బండి ఎక్కించకముందే అలాంటి షరతున్న కాగితం మీద సంతకం పెట్టి ఉంటే విషయం కొంచెం వేరు, అప్పుడు ఎవరైనా వకీలుకి ఆ కాగితం చూపించండి, నిర్లక్ష్యానికి కూడా అది రక్షణ ఇస్తుందా అన్నది చోటును బట్టి ఉంటుంది. వట్టి బోర్డు చూసి మాత్రం వెనక్కి తగ్గకండి.

ఇదే ఉత్తరంలో ఇంకో మాట రాశారు, నష్టం తేలేదాకా బండి అక్కడే వదిలేస్తానని. ఆ పని వద్దు. రోజువారీ అద్దె పెరుగుతూ పోతుంది, అదంతా రాబట్టుకోవడం కష్టం. అడిగిన డబ్బు కట్టి, రశీదు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, ఎడమ తలుపు మీద కొత్త సొట్ట ఉంది" అని మీ చేత్తో రాసి, దాని ఫోటో తీసుకుని బండి బయటికి తెచ్చుకోండి. రాయనివ్వకపోతే ఆ కౌంటర్ ముందే నిలబడి అదే మాట ఈమెయిల్ పంపేయండి, సమయం దానంతటదే పడుతుంది.

ప్రశ్న: ఎస్టిమేట్‌లో సగం ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. తీసుకోనా?

జవాబు: కాగితంలో "పూర్తి పరిష్కారం", "ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు" లాంటి మాటలు ఉంటే, కింద ఇంకేమైనా దెబ్బ బయటపడితే మళ్లీ అడగలేరు. అందుకని ముందు చక్రాల అలైన్‌మెంట్ చెక్ చేయించండి. కొక్కెం సస్పెన్షన్ భాగాలకు తగిలించి లాగితే అవి కొద్దిగా వంగొచ్చు, తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ వంకరగా నిలబడటం, టైరు ఒక అంచు త్వరగా అరిగిపోవడం దాని గుర్తులు. అంతా బాగుందని తేలితే సగానికి ఒప్పుకోవాలా అన్నది మీ ఓపిక. ఇంకో రెండు చోట్ల ఎస్టిమేట్ వేయించి, బండి లేక అయిన క్యాబ్ ఖర్చుల బిల్లులు కూడా కలిపి, ఒక గడువు పెట్టి అడిగి చూడండి. చిన్న మొత్తాల కోసం పెట్టిన కోర్టులు, వినియోగదారుల ఫిర్యాదు వేదికలు చాలాచోట్ల వకీలు లేకుండానే వింటాయి. ఆ మాట ఉత్తరంలో మర్యాదగా ఒక్కసారి రాస్తే సగం కాస్తా ముప్పావు అవ్వడం వింతేమీ కాదు.

ప్రశ్న: ఇదంతా జరక్కముందే, టోయింగ్ బండి వచ్చినప్పుడు ఏం చూసుకోవాలో చెప్పండి.

జవాబు: ఫోన్ చేసినప్పుడే కారు మోడల్, ఆటోమేటిక్కా, ఏ చక్రాలకు పవర్, ఎత్తు తక్కువ కారా అన్నవి చెప్పి ఫ్లాట్‌బెడ్ కావాలని అడగండి. బండి వచ్చాక ఎక్కించకముందు కారు చుట్టూ తిరుగుతూ ఆపకుండా ఒక వీడియో తీయండి, మీటరు రీడింగ్ కూడా అందులో పడాలి. కొక్కెం ఎక్కడ తగిలిస్తున్నారో చూడండి, సస్పెన్షన్ రాడ్లకు తగిలిస్తుంటే ఆపండి, బెల్టులతో టైర్లను కట్టమనండి. ఎక్కించాక మళ్లీ ఒక వీడియో. చాలా కార్లలో లాగడానికి వేరే హుక్ ఇస్తారు, స్టెప్నీ దగ్గర టూల్ కిట్‌లో ఉంటుంది, బంపర్ మీద చిన్న మూత తీస్తే అది బిగించే రంధ్రం కనపడుతుంది. కొన్నిటికి మర ఎడమ వైపు ఉంటుంది, అంటే మామూలు బోల్టుకి వ్యతిరేకంగా తిప్పితేనే బిగుస్తుంది. పూర్తిగా లోపలిదాకా బిగించకుండా లాగితే ఊడి వచ్చి బంపర్‌నే కాదు, ఎదురుగా ఉన్న మనిషిని కూడా కొడుతుంది. అది లాగుతున్నంతసేపూ దాని వరసలో ఎవరూ నిలబడకుండా చూసుకోండి.